ఎవరూ రాయని మాట

కిందటివారం కథలో కౌసల్యమ్మను ఉప్పల్ ఫంక్షన్ హాలు మెట్ల మీద వదిలి వచ్చాం. విశ్వనాథం సారు ఏళ్ళ తరబడి తిరిగి కూర్చిన తెలంగాణ మాటల నిఘంటువు బడిపిల్లల కోసం ఫోన్లలోకి వచ్చిన రోజది. మాటలిచ్చిన పెద్దలను వేదిక మీద కూర్చోబెట్టారు. మొదటి కుర్చీ కౌసల్యమ్మది. ఆమె చెప్పిన మాట ఒకటి చదవమని ఒక బడిపిల్లను పిలిచారు. ఆ పిల్ల ఫోన్ చూసి మైకులో గట్టిగా చదివింది. "పైలం. మోటు మాట. జాగ్రత్త అని అర్థం."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక వరసలదాకా పాకింది. తను బాగా చదివిందనుకుని ఆ పిల్ల ఇంకో మాట చదివింది. అదీ మోటు మాటే. దాని తర్వాతదీ అంతే. కౌసల్యమ్మ భుజాల మీది శాలువా తీసి, మడిచి, కుర్చీలో పెట్టి వేదిక దిగింది. హాలు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ప్రొజెక్టర్ పక్కన, కంపెనీ కార్డు మెళ్ళో వేసుకుని నిలబడ్డ దుర్గాభవాని ఉన్న చోటి నుంచి అంగుళం కదల్లేదు. కౌసల్యమ్మ ఆమె కన్నతల్లి. ఆ సంగతి అక్కడున్న కంపెనీవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలియకుండా జాగ్రత్త పడింది దుర్గే.

*

మర్నాడు ఆదివారమంతా అమ్మ మామూలుగానే ఉంది. వంట చేసింది, వడ్డించింది, పక్కింటావిడతో నీళ్ళ ట్యాంకర్ సంగతి మాట్లాడింది. తిట్టినా ఏడ్చినా బాగుండుననిపించింది దుర్గకు. అన్న నరేందర్ మాత్రం ఇంట్లో కాలు నిలవకుండా తిరిగాడు.

"ఎవడు జేసిండో నాకు తెల్వాలె," అన్నాడు. "దుర్గా, నీ ఆఫీసుల జేసిన పనే గదా. ఎవడు?"

"తెల్వదన్నా. రేపు చూస్త," అంది దుర్గ. నిజంగానే తెలియదు. ఆమె గుండెల్లో గుచ్చుకుంటున్నది వేరే ముల్లు. అమ్మ మెట్లు దిగుతుంటే వెనకాలే పరుగెత్తి "అమ్మా" అని పిలవలేదు. ప్రొజెక్టర్ వైరు సర్దుతున్నట్టు వంగింది. అమ్మ చూసిందా, చూడలేదా? అడిగే ధైర్యం లేదు.

సోమవారం పొద్దున ఆమె నాచారంలో బస్సు దిగేసరికి ఫ్యాక్టరీల మొదటి షిఫ్టు లోపలికి వెళ్ళిపోయింది. ఆమె పనిచేసే లిపిమాల డిజిటల్ ఉండేది ఇండస్ట్రియల్ ఏరియాలో, అట్టపెట్టెలు చేసే కార్ఖానా మీది అంతస్తులో. కింద మిషను తిరిగినంతసేపూ పైన టేబుళ్ళు సన్నగా వణుకుతుంటాయి. పుస్తకాలను ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చడం వాళ్ళ పని. అంటే పేజీలో ఉన్న ప్రతి ముక్కకీ ఇది తలమాట, ఇది అర్థం, ఇది చెప్పినవారి పేరు అని రెండు వైపులా గుర్తులు పెట్టి కంప్యూటరుకు అప్పగించడం.

టీమ్ లీడ్ తేజేష్ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. లాలాపేట్‌లో పుట్టి పెరిగినవాడు, అమ్మానాన్నలది తణుకు. టీ గ్లాసు పక్కన పెట్టుకుని తాగడం మరిచిపోయినట్టున్నాడు.

"దుర్గా, ఒకసారి ఇలా రండి. నాకు పిచ్చెక్కుతోంది."

ఆమె కుర్చీ లాక్కుంది.

"చూడండి, మన ఫైల్లో 'పైలం' దగ్గర ఏముంది? తలమాట, అర్థం, చెప్పినవారు కౌసల్యమ్మ. అంతే. మోటు అన్న ముద్ర ఎక్కడుంది? లేదు. ఫైలంతా వెతికించాను. ఎక్కడా లేదు. కానీ యాప్‌లో ఆవిడ చెప్పిన ప్రతి మాట పక్కనా ఉంది. మనం రాయలేదు, సారు రాయలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?"

"యాప్ చేసినవాళ్ళు..."

"ఫోన్ చేశాను. మీరిచ్చిందే చూపించాం అంటున్నారు."

అతను ఫైలును పార్సర్‌తో నడిపించాడు. పార్సర్ అంటే ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదివి, గుర్తుల ప్రకారం ఏ ముక్కకాముక్క విడదీసి ఇచ్చే ప్రోగ్రాం. తెర మీద మాటలు వరసగా వచ్చాయి. శుభ్రంగా ఉన్నాయి. ముద్ర లేదు.

"మనం చెక్ చేసుకున్నప్పుడు ఇలాగే నడిపాం. తొందరగా అవుతుందని డీటీడీ చదవకుండా నడిపాం," అన్నాడు తేజేష్. ఆ మాట అంటూనే ఆగాడు. "యాప్ వాళ్ళు డీటీడీ చదివించి నడిపి ఉంటారా?"

డీటీడీ అంటే ఫైలు ఎలా ఉండాలో చెప్పే నియమాల పత్రం. ఏ గుర్తు లోపల ఏ గుర్తు రావచ్చు, ఏ చోట ఏ విలువ రాయొచ్చు, అన్నీ అందులో ఉంటాయి. పార్సర్‌ను ఆ నియమాలు కూడా చదవమని చెప్పి తేజేష్ మళ్ళీ నడిపించాడు.

ఈసారి ముద్ర లేని ప్రతి మాట పక్కనా వచ్చింది. మోటు. మోటు. మోటు. తెర నిండిపోయింది.

"అంటే డీటీడీలోనే ఉంది," అని ఆ పత్రం తెరిచాడు తేజేష్. కిందికి జరుపుకుంటూ వెళ్ళి ఒక వరస దగ్గర ఆగాడు. పైకి చదవడం మొదలుపెట్టాడు. "వాడకం అన్న చోట మూడే రావచ్చు. శిష్టం, వాడుక, మోటు. ఏదీ రాయకపోతే..."

అతను ఆపేశాడు. దుర్గ వైపు చూడలేదు. టీ గ్లాసు వైపు చూశాడు.

ఏదీ రాయకపోతే, పార్సర్ తనంతట తాను చేర్చుకోవాల్సిన విలువ: మోటు.

దుర్గ తెర మీదికి వంగి ఆ వరసను మళ్ళీ చదివింది. ఆ వరస తన వేళ్ళు కొట్టినదే. ఆ మధ్యాహ్నం అలాగే కళ్ళముందు లేచింది. నియమాలు రాసుకుంటున్న రోజు. అందరూ ఈ టేబుల్ చుట్టూనే ఉన్నారు. సమోసాలు వచ్చాయి. తేజేష్ అడిగాడు, "ముద్ర లేని మాటలు కొన్ని ఉంటాయి కదా, వాటికి ఏం పెడదాం?" ఎవరో "ఏదో ఒకటి పెట్టండి, తర్వాత చూద్దాం," అన్నారు. అప్పుడు దుర్గ అంది, తనే అంది, చేతికంటిన నూనె కాగితానికి తుడుచుకుంటూ:

"ఇంకేం పెడతారండీ, మావాళ్ళ మాటలే కదా. మోటు అని పెట్టేస్తే సరి!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు తనకెంత హాయిగా అనిపించిందో కూడా గుర్తొచ్చింది. వాళ్ళలో తనూ ఒకతె అయినట్టు. ఆ హుషారులోనే ఆ మాట టైపు చేసింది. తర్వాత చూద్దామన్నది ఎవరూ చూడలేదు.

"తేజేష్..."

"రివ్యూ చేసింది నేను," అన్నాడతను నెమ్మదిగా. "లీడ్‌ని నేను. ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మార్చేస్తున్నాను, అంతే."

ఆ మాట తీసేశాడు. ఏదీ రాయకపోతే ఏదీ లేనట్టే వదిలెయ్యమని దాని చోట రాశాడు. మళ్ళీ నడిపించాడు. మాటలన్నీ కడిగినట్టు వచ్చాయి. సరిచేయడం ఇంత తేలికా అనిపించి దుర్గకు ఇంకా సిగ్గేసింది.

అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. ముందు విశ్వనాథం సారు, చేతికర్ర ఆనించుకుంటూ. ఆయన వెనక హెల్మెట్ చేత్తో పట్టుకుని నరేందర్.

*

కంపెనీ నడిపే విజయశ్రీ తన గదిలోనే అందరినీ కూర్చోబెట్టింది. గుంటూరు నుంచి వచ్చి ఏఎస్ రావు నగర్‌లో స్థిరపడ్డ మనిషి. మాట కటువు, పని శుభ్రం. నరేందర్ మాత్రం కూర్చోలేదు. నాచారంలోనే లేత్ మిషను మీద పని అతనిది. షిఫ్టు వదిలేసి వచ్చినట్టుంది, చొక్కా మీద నూనె మరకలున్నాయి.

"మేడం, నేను లొల్లి జెయ్యనీకి రాలే," అన్నాడు. "మా అమ్మ మాటల మీద మోటు అని ముద్ర గొట్టిన మనిషి ఎవలో జూపియ్యిండ్రి. ఒక్కపారి మొఖం జూసి పోత."

"మీ అమ్మగారంటే..."

"కౌసల్యమ్మ." అతను ఆశ్చర్యపోయాడు. "మా చెల్లె గూడ ఈడనే జేస్తది గదా మేడం. జెప్పలేదా?"

విజయశ్రీ తల తిప్పి దుర్గ వైపు చూసింది. తేజేష్ కూడా. గదిలో ఎక్కడ నిలబడాలో దుర్గకు తెలియలేదు.

"ఆవిడ మీ అమ్మగారా దుర్గా?" అంది విజయశ్రీ. "మొన్న హాల్లో ఆవిడ దిగి వెళ్ళిపోతుంటే నువ్వు నా పక్కనే ఉన్నావు కదమ్మా."

దుర్గ తల ఊపింది. విశ్వనాథం సారు కర్రను రెండు చేతులా పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నారు. ఈ సంగతి ఆయనకు ముందే తెలుసు. ఆఫీసులో చెప్పొద్దని దుర్గే బతిమాలుకుంది.

"అది తర్వాత మాట్లాడుకుందం," అన్నారాయన. "ముందు నాకిది సమజ్ కావాలె. నా రాతప్రతిల గా మాట లేదు. మరెట్ల వచ్చింది?"

తేజేష్ చెప్పాడు. ఫైలు ఒకటి, దాని నియమాలు ఇంకొకటి. ఎక్కడైనా విలువ రాయకుండా వదిలితే, నియమాల్లో ఉన్నదాన్ని తీసుకుని పార్సరే నింపేస్తుంది. మనిషి ఎవరూ ప్రతి మాట దగ్గరా కూర్చుని రాయలేదు. ఒక్కచోట రాసిన మాట అన్నిచోట్లకీ వెళ్ళింది.

సారు మౌలాలి బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. "హాజరు పిలిచినప్పుడు పలకని పిల్లగానికి గైర్హాజరు ఏస్తం. గట్లనా?"

"అంతే సార్."

"ఆ పిల్లగాడు ఆడనే కూసున్నా గూడ."

తేజేష్ తల దించుకున్నాడు.

"నేనెందుకు ఖాళీ ఇడిసిపెట్టిన్నో జెప్త వినుర్రి," అన్నారు సారు. "పుస్తకాలకెళ్ళి తీసుకున్న మాటలకు ముద్రలేసిన. ఇది శిష్టం, ఇది వాడుక అని. కౌసల్యమ్మ చెప్పిన మాటల కాడికొచ్చేసరికి చెయ్యి రాలే. ఆమె నోట్లకెళ్ళి వచ్చిన మాటకు ముద్రెయ్యనీకి నేనెవర్ని? అందుకే ఇడిసిన. అది మర్యాదకు ఇడిసిన ఖాళీ."

"మరి గా ఖాళీల మోటు అని నింపమన్నదెవరు?" నరేందర్ తేజేష్ వైపు తిరిగాడు.

"టీమ్ అండీ."

"టీముకు చేతులుంటయా అన్నా? రాసిన చెయ్యి ఒకటి ఉంటది గదా. మీదే ఊరు?"

"పుట్టింది లాలాపేట్‌లోనేనండీ. అమ్మావాళ్ళది తణుకు."

"గదే అనుకున్న," అన్నాడు నరేందర్. గట్టిగా అనలేదు. ఆ మెల్లగా అనడమే గదిని చల్లబరిచింది. "మా పక్కపొంటి పుట్టి, మా గల్లీలల్ల ఆడుకొని, లోపట మాత్రం గిదన్నమాట."

తేజేష్ ఏదో అనబోయి పెదవి కొరుక్కున్నాడు. ఒక్క పేరు చెబితే చాలు. అతని కళ్ళు గోడ మీది క్యాలెండర్ దగ్గరే ఆగిపోయాయి.

విజయశ్రీ లేచింది. "బాబూ, మీరు కోప్పడ్డంలో తప్పు లేదు. తేజేష్, ఇవాళ్టి నుంచి నువ్వు ఈ ప్రాజెక్టులో లేవు. సార్, బళ్ళన్నిటికీ క్షమాపణ రాసి పంపిస్తాను. తప్పు ఎవరిదో పేరు పెట్టే రాస్తాను."

"సరే మేడమ్," అన్నాడు తేజేష్.

కింద మిషను ఆగింది. టేబుల్ వణుకు నిలిచిపోయింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అంతా అయిపోతుంది. అన్న మెట్లు దిగిపోతాడు, ఉత్తరంలో తేజేష్ పేరు పడుతుంది, తనను ఎవరూ ఏమీ అనరు. ఆ ఆలోచన వచ్చినందుకే దుర్గకు తన ఒంటి మీద తనకే రోత పుట్టింది.

"మేడమ్, అది తేజేష్ కాదండీ..." అని మొదలుపెట్టింది ఆఫీసు తెలుగులో. తర్వాతి మాట ఆ తెలుగులో రాలేదు.

"నేను రాసిన అన్నా," అంది. "నేనే."

నరేందర్‌కు వెంటనే అర్థం కాలేదు. "ఏంది?"

"మోటు అని నేనే రాసిన. ముద్ర లేని మాటలకు ఏం పెడదామని అడిగితే, మావాళ్ళ మాటలే గదా, మోటు అని పెట్టున్రి అన్న."

"ఎందుకన్నావమ్మా?" అంది విజయశ్రీ.

ఏం చెప్పాలి? పొరపాటని చెప్పొచ్చు. తర్వాత మారుద్దామనుకున్నానని చెప్పొచ్చు. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆ గదిలో అవి నోటికి రాలేదు.

"నవ్వుతరని," అంది. "ఈళ్ళు నవ్వాలని."

నరేందర్ ముఖంలో కోపం వస్తుందని దుర్గ చూసింది. రాలేదు. అతను చెల్లెల్ని దాటుకుని తేజేష్ దగ్గరికి నడిచాడు.

"తమ్మీ, మాఫ్ జెయ్యి," అన్నాడు. "నువ్వు మా పిల్ల పేరు బయట పెట్టలే. నేను నిన్ను ఊరు పేరు వెట్టి అన్న."

"అయ్యో, పర్లేదండీ..."

"పర్లేదు గాదు." హెల్మెట్ తలకు పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "దుర్గా, అమ్మకు నేను జెప్ప. నువ్వే జెప్పు."

విశ్వనాథం సారు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తుడిచినా పెట్టుకోలేదు.

"తల్లీ, ఆఫీసుల జెప్పకుర్రి సారూ అని నువ్వన్ననాడు, అమ్మ పేరు వాడుకోవద్దని అనుకున్నవేమో, ఎంత వినయం అనుకున్న," అన్నారు. అంతే అన్నారు. ఆమె చేసిన పని గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు.

*

చిలుకానగర్‌లో వాళ్ళుండేది రెండు గదుల ఇల్లు. దుర్గ వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కౌసల్యమ్మ గడప మీద కూర్చుని పుంటికూర ఆకు తెంపుతోంది. నాచారంలో బిస్కెట్ల ప్యాకింగ్ పని చేసి చేసి వంకర తిరిగిన వేళ్ళు అవి. ఆలేరు పక్క పల్లె నుంచి వచ్చి ఇన్నేళ్ళైనా ఆమె మాట మారలేదు. మార్చుకోవాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

దుర్గ చెప్పులు విడిచి, తల్లి పక్కన కింద కూర్చుంది. తనూ ఒక కాడ తీసుకుంది.

"అమ్మా, నీ మాటల మీద గట్ల రాసింది ఎవలో తెలిసింది."

"ఎవలు బిడ్డా?"

"నేను."

కౌసల్యమ్మ చేయి ఆగలేదు. ఆకు తెంపి గిన్నెలో వేసింది, కాడ పక్కన పడేసింది. మళ్ళీ ఇంకోటి తీసింది. దుర్గ అంతా చెప్పింది. ఫైలు సంగతి, నియమాల సంగతి, సమోసాలు తిన్న మధ్యాహ్నం సంగతి. తేజేష్ మాట పడ్డ సంగతి కూడా దాచలేదు. హాల్లో పిలవకపోవడం చివరికి మిగిలింది.

"ప్రొజెక్టర్ కాడ... నువ్వు దిగిపోతుంటే..."

"వంగినవు. చూసిన," అంది కౌసల్యమ్మ.

వీధిలో గ్యాస్ బండి వెళ్ళింది. అది మూల తిరిగిందాకా ఆమె ఆగింది.

"నువ్వు గా మాట అన్నప్పుడు ఆళ్ళు నవ్విన్రా?"

"నవ్విన్రు."

"నువ్వు గూడ నవ్వినవా?"

దుర్గకు అబద్ధం చెప్పాలనిపించింది. ఈ ఒక్కదానికి. "నవ్విన," అంది.

కౌసల్యమ్మ అప్పుడు చేయి ఆపింది. ఒళ్ళో ఉన్న ఆకులు గిన్నెలోకి దులిపి, చీర సర్దుకుంది. ఆమె ఏడవలేదు. ఆమె ముఖం మాత్రం, ఎవరింటికో పనిమీద వెళ్ళి గుమ్మంలోనే నిలబెట్టేసిన మనిషి ముఖంలా అయింది.

"సారుకు ఫోను కలుపు," అంది.

విశ్వనాథం సారు వెంటనే ఎత్తారు. "కౌసల్యమ్మా, అంతా సక్కగైపోయిందమ్మా. ఆ తేజేష్ సరిజేసిండు. బళ్ళకు కొత్తది పోతున్నది. ఇగ ఎక్కడా గా మాట కనబడది..."

"సారూ," అంది కౌసల్యమ్మ, "నా మాటలు నాకియ్యిండ్రి."

"ఏంది?"

"నేను చెప్పినయి తీసెయ్యిండ్రి మీ పుస్తకంలకెళ్ళి. మీరు మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, ఒక్కొక్కటి అడిగి రాసుకున్నరు. సంబురమనిపిచ్చింది. నా మాటలు సదువుకునే పిల్లలకు పోతయంట అని నలుగురికి చెప్పుకున్న. నా కడుపున పుట్టిందే ఇననీకి సిగ్గుపడే మాటలు బయటి పిల్లలకెందుకు సారూ?"

"అమ్మా, గట్లనకు. ఎన్ని తియ్యమంటవు?"

"అన్ని."

"బిడ్డకియ్యి ఫోను," అన్నారు సారు. దుర్గ చెవికి పెట్టుకుంది. "తల్లీ, ఆమె మాటలు తీస్తే నా పుస్తకంల మిగిలేది అట్టలే. రేపు పొద్దుగాల్నే వస్త. కాళ్ళు పట్టుకోనైనా ఒప్పిస్త. నేనొచ్చేదాక దాన్ని ముట్టకు. నీకు దండం పెడ్త."

ఫోన్ పెట్టేసి చూసేసరికి తల్లి లోపలి నుంచి దుర్గ లాప్‌టాప్ బ్యాగు తెచ్చింది. గడప మీద, ఆకుల గిన్నె పక్కన పెట్టింది.

"నువ్వే రాసినవు గదా. నువ్వే తియ్యి."

"అమ్మా, సారు రేపొస్తనన్నడు. మాట్లాడదమన్నడు."

"సారు రాసింది గాదు, సారు తీసేది గాదు. తెరువు."

దుర్గ తెరిచింది. చెప్పినవారు కౌసల్యమ్మ అన్న మాటలన్నీ ఒకచోటికి పిలిచింది. తెర నిండా వచ్చాయి. ఇన్ని నెలలూ ఈ ఫైలు తన చేతుల్లోనే ఉంది. గుర్తులు సరిగా పడ్డాయా, మూసిన ప్రతి గుర్తుకూ తెరిచిన గుర్తు ఉందా అని చూసుకుంది. లోపల ఏముందో ఒక్కనాడూ చదవలేదు.

"అన్ని ఒక్కపారే పోతయా?" అడిగింది కౌసల్యమ్మ.

"పోతయమ్మా. ఒక్క బటన్."

"వద్దు. ఒక్కొక్కటి సదివి తియ్యి. ఏం బోతున్నదో నాకు ఎరుక గావాలె."

దుర్గ మొదటి మాట మీదికి వెళ్ళింది. "అంబటాల్ల," అని చదివింది. "అంబలి తాగే యాళ. పొద్దున్న పది గంటల పొద్దు." తర్వాతి వరస కళ్ళబడింది. ప్రతి మాటకూ ఒక వాక్యం అడిగి రాసుకున్నారు సారు. మాటను ఎలా వాడతారో తెలియడానికి, చెప్పినవారి నోటనుంచే.

దుర్గ చదవడం ఆపేసింది.

"ఆగినవేంది? సదువు."

"అంబటాల్లకు నొప్పులొచ్చినయి," చదివింది దుర్గ. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. "పొద్దుగూకేటాల్లకు నా బిడ్డ దుర్గ పుట్టింది. ఆ దినం నా అంత గొప్పది ఈ భూమ్మీద లేదనుకున్న."

కింది మాటకు, దాని కింది మాటకు కూడా వాక్యాలున్నాయి. వాటిలోనూ తన పేరు కనిపిస్తోంది. తెర కిందికి ఎంత జరిపినా కనిపిస్తూనే ఉంది.

"అమ్మా..."

కౌసల్యమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఇన్న," అంది. "గది గూడ తియ్యి."